ఎక్సలేటరు పైకి రాని చలికాలం

ఆ చలికాలం గుర్తొస్తే ముందు పొగమంచే కనబడుతుంది. పొగమంచులో ఒక నల్ల కారు, దాని ముందు సీట్లో నేను, నా ఒళ్ళో మందుల పెట్టె. నాకప్పటికి ఇరవై ఏళ్ళు నిండలేదు. సూర్యాపేట దవాఖానాలో నర్సు పనిలో కుదిరి ఏడాది కూడా కాలేదు. తెల్లవారకముందే లేచి, చన్నీళ్ళతో ముఖం కడుక్కుని, సగం నిద్రలోనే కారెక్కేదాన్ని. అందుకేనేమో ఆ రోజులన్నీ కలలో తిరిగినట్టే ఉంటాయి. ఇది జరిగిందా, లేక నేను కునుకులో కన్నదా అని ఒక్కోసారి నాకే అనుమానం వస్తుంది. ఎక్సలేటరు సంగతి మాత్రం నిజం. దాన్ని నా చేత్తో నొక్కి చూసింది నేనే.

మాది నడిగూడెం దగ్గర ఒక పల్లె. గొర్రెలు కాసుకునే ఇల్లు. మా పల్లెకు కలరా సూదులు వేయడానికి వచ్చిన డాక్టరమ్మ, నాకు చదవనూ రాయనూ వచ్చని తెలిసి, మా నాయనతో మాట్లాడి నన్ను వెంట తీసుకుపోయింది. ఆమె బెజవాడ వైపు మనిషి. నలభై ఏళ్ళుంటాయి. మాట తక్కువ. రోగి మంచం పక్కన కూర్చుని, ఎప్పటి నుంచి, ఏ వేళప్పుడు, ఏం తిన్నాక అని ఓపికగా అడిగేది. వాళ్ళు చెప్పేది మధ్యలో తుంచేది కాదు. నేను పక్కన నిలబడి వినేదాన్ని.

అది నలభై తొమ్మిది చివర. పోలీస్ యాక్షన్ అయి ఏడాది దాటినా పల్లెల్లో గడబిడ పూర్తిగా తగ్గలేదు. చీకటి పడ్డాక రోడ్డు మీద ఎవరూ తిరిగేవాళ్ళు కాదు. అందుకని మా ప్రయాణాలన్నీ వేకువనే. వారానికి ఒకసారి సూర్యాపేటలో బయలుదేరి కోదాడ వెళ్ళేవాళ్ళం. అక్కడ ఒక రోజు రోగులను చూసి, మర్నాడు హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ. అక్కడ రెండు రోజుల మకాం. ఆ తరువాత తిరిగి సూర్యాపేట.

ఆ కారు ఒక దొరది. గొడవలప్పుడు ఆయన పట్నం వెళ్ళిపోతూ దాన్ని దవాఖానాకు ఇచ్చేశాడు. కారుతో పాటు దాన్ని నడిపే మనిషి కూడా మాకొచ్చాడు. ఆయనది త్రిపురారం పక్కన పల్లె. ఇల్లు, భార్య మిర్యాలగూడలో. సూర్యాపేటలో ఉన్నన్ని రోజులు దవాఖానా వసారాలోనే పడుకునేవాడు. వయసు అరవైకి దగ్గర. పొడుగాటి మనిషి, తెల్లటి మీసం. పడుచు వయసులో దొర గుర్రాల బగ్గీ తోలేవాడట. కారొచ్చాక పట్నం వెళ్ళి నడపడం నేర్చుకుని వచ్చాడట. ఆయన్ను నేను కాకా అనేదాన్ని. ఆయన నన్ను బిడ్డా అనేవాడు. కారు మీద ఆయనకు ఎంత ప్రేమంటే, ఎక్కే ముందు అరచేత్తో దాని ముక్కు మీద మెల్లగా రెండుసార్లు తట్టేవాడు, గుర్రాన్ని తట్టినట్టు. ఎవరైనా చూస్తే దుమ్ము తుడుస్తున్నట్టు చేసేవాడు.

కారు కదిలిన కాసేపటికి నాకు నిద్ర ముంచుకొచ్చేది. చింతచెట్లు రెండు వైపులా నీడల్లా వెనక్కి జారిపోయేవి. అప్పుడప్పుడు ఒక ఎడ్లబండి, దాని కింద ఊగే లాంతరు, గొంగడి ముసుగులో బండి మనిషి. అన్నీ పొగమంచులోంచి పుట్టి పొగమంచులోకే పోయేవి. ఇంజను చప్పుడు ఎడతెగని జోలపాటలా వినబడేది. ఆ చప్పుడులో ఏ చిన్న తేడా వచ్చినా నాకు మెలకువ వచ్చేసేది. మంద మెడలో గంటల చప్పుడు మారితే మా నాయన నిద్రలోంచి లేచి కూర్చునేవాడు. ఆ చెవి నాకూ వచ్చిందేమో.

మొదటిసారి అలాగే మెలకువొచ్చింది. సూర్యాపేట దాటి రెండు మైళ్ళు వచ్చాం. ముందు పల్లం. అక్కడ కాక ఎప్పుడూ వేగం తగ్గించేవాడు, ఇంజను గొంతు దిగేది. ఆ రోజు దిగలేదు. కళ్ళు తెరిచి చూస్తే ఆయన కాలు ఎక్సలేటరు మీద లేదు. మోకాలు పైకి ఎత్తే ఉంది. అయినా కారు అదే జోరులో పోతున్నది. ఎవరూ నడపకుండానే, ఎక్కడికో పోవాలని దానికే తోచినట్టు. నాకు భయం వేయలేదు. ఇంకా కలలోనే ఉన్నాననుకున్నాను. పొగమంచు అద్దానికి తగిలి రెండుగా చీలిపోతుంటే, మేం రోడ్డు వదిలి గాల్లోకి లేచామేమో అనిపించింది.

కాక వంగి బూటు కొనతో ఏదో గెలికాడు. చప్పుడు తగ్గింది. కారు మామూలైంది.

"ఏమైంది కాకా?"

"ఏం లేదు బిడ్డా. బూటు అడ్డం పడ్డది. నువ్వు పండుకో."

వెనక సీట్లో డాక్టరమ్మ శాలువ కప్పుకుని కళ్ళు మూసుకుని ఉంది. ఆమెకు తెలియలేదు. ఆ మరుసటి వారం కాక బూట్లు విప్పి సీటు కింద పెట్టి, ఉత్త కాళ్ళతో నడిపాడు. అంత చలిలో ఆ పాదాలు చూస్తే నాకే వణుకు వచ్చింది. ఆయనకు మాత్రం చలే లేనట్టుంది.

బూట్లు విప్పినా లాభం లేకపోయింది. చివ్వెంలకు ఇంకా దూరం ఉందనగా, మంచులోంచి గొర్రెల మంద రోడ్డెక్కింది. ముందు గంటలు వినబడ్డాయి, తరువాత తెల్లగా, నల్లగా మెత్తని గోడలాంటిది ఒకటి అడ్డంగా కదులుతూ కనబడింది. కాక కాలు తీసి బ్రేకు మీద వేశాడు. కారు ఆగలేదు. ఇంజను మాత్రం ఇంకా ముందుకే లాగుతున్నది. బ్రేకు ఒకవైపు పట్టుకుంటుంటే, ఇంజను ఒకవైపు గుంజుతుంటే కారంతా వణికింది. డాక్టరమ్మ లేచి ముందు సీటు పట్టుకుంది.

"ఆపండి, ఆపండి" అంది.

కాక చెయ్యి చాచి తాళం తిప్పేశాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం. కారు తన బరువుకు తాను దొర్లుకుంటూ వెళ్ళి, రోడ్డు పక్కకు ఒరిగి, మంద మధ్యకు వచ్చి ఆగింది. ఒక్క గొర్రెకు కూడా తగలలేదు. అవి ఏటి నీళ్ళు రాయి చుట్టూ పారినట్టు మా రెండు వైపులా పారాయి. కొన్ని ఆగి అద్దంలోకి చూశాయి. వాటి ఊపిరి ఆవిరై అద్దం మీద మసక కట్టింది. తడిసిన ఉన్ని వాసన కారంతా నిండింది. ఆ వాసనకు నాకు మా ఇల్లు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

మంద వెనకాల వచ్చిన మనిషి కర్ర భుజం మీద పెట్టుకుని కిటికీ దగ్గర ఆగాడు. కోపం చేయలేదు. కాక ముఖంలోకి కాసేపు చూసి, "జర పైలం పెద్దమనిషీ" అని, మంద వెంట వెళ్ళిపోయాడు.

కాక చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

"ఎక్సలేటరు పట్టుకుంటున్నది అమ్మగారూ" అన్నాడు, వెనక్కి తిరగకుండానే. "నొక్కితే దిగుతది, కాలు తీస్తే పైకి వస్తలేదు. పోయినసారి కూడా గిట్లనే అయింది. బూటు తప్పనుకున్న."

"ఆ రోజే చెప్పాల్సింది కదండీ" అంది డాక్టరమ్మ, మెల్లగానే.

కోదాడలో లారీలు బాగుచేసే మేస్త్రి ఒకాయన ఉండేవాడు. మేం చేరేసరికి ఎండ బాగా వచ్చింది. ఆయన లుంగీ ఎగ్గట్టి, బానెట్ ఎత్తి, కాకను లోపల కూర్చుని నొక్కమన్నాడు. నొక్కితే దిగింది. వదిలితే టక్కున పైకి వచ్చింది. పదిసార్లు నొక్కించాడు. పదిసార్లూ వచ్చింది.

"ఇప్పుడు బానే ఉందిగా, ఎక్కడ పట్టేస్తుందండీ?" అన్నాడు మేస్త్రి.

"పొద్దున పట్టింది" అన్నాడు కాక.

మేస్త్రి లోపల తల పెట్టి చూశాడు. ముందు సీట్లో కాళ్ళ కింద నేను పరిచిన పాత గొంగడి ముక్క కనబడింది. చలికి కాళ్ళు కొంకర్లు పోతున్నాయని నేనే ఇంటి నుంచి తెచ్చి పరిచాను. "ఇదిగో, ఇదే. ఇది ముడత పడి పెడల్ని పట్టేస్తుంది" అని దాన్ని లాగి నా చేతికిచ్చాడు. నాకు తల కొట్టేసినట్టయింది. గొర్రెలు, ఆ మనిషి, డాక్టరమ్మ ప్రాణం, అన్నీ నా గొంగడి ముక్క మీదకే వచ్చాయా అనిపించింది. మేస్త్రి మంచివాడే. ఎందుకైనా మంచిదని పెడల్ని వెనక్కి లాగే స్ప్రింగు కూడా మార్చి గట్టిది వేశాడు. ఆ వారం మిగతా దారంతా ఏమీ కాలేదు.

పై వారం కోదాడలో పొద్దున్నే బయలుదేరి హుజూర్‌నగర్ దారి పట్టాక మళ్ళీ పట్టుకుంది. గొంగడి లేదు, బూటు లేదు, స్ప్రింగు కొత్తది. ఈసారి కాక ముందే జాగ్రత్తగా ఉన్నాడు కాబట్టి వెంటనే తాళం తిప్పి, కారు పక్కకు దొర్లించి ఆపాడు. దిగి, బానెట్ ఎత్తి, లోపల చెయ్యి పెట్టి కదిలించి, ఎప్పుడూ సీటు వెనక ఉంచే సీసా తీసి అక్కడా ఇక్కడా నాలుగు చుక్కలు వేశాడు. మళ్ళీ ఎక్కాడు. తరువాత బాగానే నడిచింది.

దారిలో ఒక పల్లెలో బాలింతను చూడటానికి ఆగాం. లోపల నా పని అయిపోతే డాక్టరమ్మ నన్ను బయటకు పంపింది. కాక కారు మెట్టు మీద కూర్చుని తన కుడి పాదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చూసుకుంటున్నాడు. ఎవరిదో పాదం దొరికినట్టు చూస్తున్నాడు.

"నొస్తున్నదా కాకా?"

"నొస్తే మంచిగనే ఉండు బిడ్డా." అరికాలును బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు. "మేస్త్రి కాడ మంచిగనే ఉంటది. నేను నడిపితెనే పట్టుకుంటది. కారుది కాదు తప్పు. నా కాలుదే. కాలు తీసిన్ననుకుంట, తియ్యనే తియ్యకపోతి కావచ్చు. ఎత్తిన్నో లేదో నాకే ఎరుక అయితలేదు."

"నేను చూసిన. నువ్వు కాలు ఎత్తినవ్. అయినా కారు పోయింది."

"నిద్ర కండ్లతోని ఏం సూసినవ్ బిడ్డా."

నిద్ర కళ్ళతో చూశానన్నది నిజమే.

"మిర్యాలగూడ చేరినంక అమ్మగారికి చెప్త. ఇగ నాతోని కాదని చెప్త. ఇంటి కాడనే ఉంట" అన్నాడు. గొంతులో తడి లేదు, కోపం లేదు. ఇదివరకే ఎన్నో పొద్దుల నుంచి లోపల అనుకుని అనుకుని అరిగిపోయిన మాటల్లా ఉన్నాయి.

"రెండు రోజులు ఆగు కాకా. ఎట్లా అక్కడే ఉంటం కదా" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. ఆయన ఇంటికి పోతే ఆ వేకువలు, ఆ చింతచెట్లు, ఆ ఇంజను చప్పుడు అన్నీ ఆగిపోతాయనే దిగులు నాకు. పాదం వదిలి ఆయన తలూపాడు.

ఆ రోజంతా నేను డాక్టరమ్మ అడిగినట్టే నాకు నేనే ప్రశ్నలు వేసుకుంటూ కూర్చున్నాను. ఎప్పటి నుంచి? చలి మొదలైనప్పటి నుంచి. ఏ వేళప్పుడు? తెల్లవారుజామున, బయలుదేరిన కొద్దిసేపటికే. ఎండ ఎక్కాక ఒక్కసారైనా పట్టిందా? పట్టలేదు. మధ్యాహ్నం, సాయంత్రం? లేదు. కోదాడ మేస్త్రి చూసిందెప్పుడు? ఎండ ఎక్కాక, ఇంజను కాలే పెనంలా వేడెక్కి ఉన్నప్పుడు. కాక కాలే తప్పయితే అది ఎండలో కూడా తప్పాలి కదా. అక్కడిదాకా వచ్చి నా ఆలోచన ఆగిపోయేది. చలికీ ఇనప ముక్కకూ ఏం సంబంధమో నాకు తట్టలేదు.

మిర్యాలగూడలో మేం దిగే ఇల్లు ఊరి చివర. ముందు పొడుగాటి వరండా, దాని ముందు కారు. మర్నాడు పొద్దున మంచు ఎంతగా పట్టిందంటే, వరండాలోంచి కారు బూడిద రంగు ఏనుగు పిల్ల పడుకున్నట్టు కనబడింది. కడుపునొప్పితో ఒక పిల్లను తెచ్చారు. డాక్టరమ్మ ఆముదం పట్టమంది. నేను సీసా వంచితే చుక్క రాలేదు. చలికాలం ఎప్పుడూ అంతే. ఆముదం చిక్కబడి సీసా గోడకు అంటుకుని కదలకుండా ఉండిపోతుంది. గిన్నెలో వేడి నీళ్ళు పోసి సీసా అందులో నిలబెట్టి, అది మెల్లగా పల్చబడి జారడం చూస్తూ కూర్చున్నాను. ఆవిరి ముఖానికి తగులుతుంటే మళ్ళీ కునుకు వస్తున్నది.

ఆ ఆవిరిలోంచి చూస్తే కాక కారు దగ్గర నిలబడి ఉన్నాడు. బానెట్ ఎత్తి, చిన్న సీసా తలకిందులు చేసి, దాని పిర్ర మీద చేత్తో కొడుతున్నాడు. చుక్క రావడం లేదు. ఇంకోసారి కొట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను. నా సీసా, ఆయన సీసా.

పిల్లకు మందు పట్టి, చేతులు తుడుచుకుని కిందికి దిగాను.

"అది ఏం నూనె కాకా?"

"ఆముదం. మన ఇంటి ఆముదమే. లడాయి రోజులల్ల మెషిను నూనె దొరకకుండె. అప్పటిసంది ఇదే ఏస్తున్న."

"ఎక్కడెక్కడ ఏస్తవ్?"

ఆయన చూపించాడు. పెడల్ నుంచి ఒక కడ్డీ, కాళ్ళ ముందున్న రేకు గోడ రంధ్రంలోంచి ఇంజను వైపు వస్తుంది. అక్కడ ఒక చీల మీద తిరిగే చిన్న ఇనప చెయ్యి. దాని నుంచి ఇంకో సన్నటి కడ్డీ కార్బొరేటర్ దాకా. ఆ చీల దగ్గర నల్లగా, తుమ్మబంకలా ఏదో పేరుకుపోయి ఉంది. ఏళ్ళ తరబడి ఆముదం, దాని మీద రోడ్డు దుమ్ము, మళ్ళీ ఆముదం. నేను వేలితో ముట్టుకుంటే వేలి ముద్ర పడింది.

"పట్టుకున్నప్పుడల్లా ఇంకిన్ని చుక్కలు వేస్తున్నవా?"

"ఏస్తున్న. గట్టిపడ్డదేమో, సులువు అయితదని."

"కాకా, ఇంజను ఇంకా తిప్పలేదు కదా? తిప్పకు. జర ఆగు."

నేను కారు తలుపు తీసి కిందికి వంగి, పెడల్ని చేత్తో అడుగుదాకా నొక్కాను. మంచులా చల్లగా ఉంది. చెయ్యి తీసేశాను. పెడల్ పైకి రాలేదు. కాసేపటికి, మంచి నిద్రలో ఉన్న మనిషిని పిలిస్తే లేచినట్టు, మెల్లమెల్లగా కదిలింది. సగం వచ్చి ఆగింది. కొత్త స్ప్రింగు ఎంత లాగినా అంతే.

"ఇటు రా కాకా. చూడు."

ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను మళ్ళీ నొక్కి వదిలాను. మళ్ళీ అలాగే, బద్ధకంగా, సగం దాకా. ఈసారి ఆయన తన చేత్తో నొక్కాడు. వదిలాడు. పెడల్ లేచినంతసేపు దాని వైపే చూశాడు. లోపల కాలు లేదు, బూటు లేదు, గొంగడి లేదు. ఆయన నోరు కొద్దిగా తెరుచుకుంది. చాలాసేపు లేవలేదు.

"నా కాలు కాదు" అన్నాడు చివరికి. నాతో కాదు, తనతోనే.

ఆ పొద్దంతా దానికే సరిపోయింది. కాక ఆ చీల ఊడదీశాడు. ఇనప చెయ్యిని, కడ్డీల కీళ్ళను కిరసనాయిల్లో నానబెట్టాడు. నేను వేపపుల్ల నమిలి కుంచెలా చేసి ఇచ్చాను. దాంతో సందుల్లో రుద్దితే నల్లటి జిగురు పొరలు పొరలుగా ఊడి వచ్చింది. అడుగున ఇనుము మెరిసింది. అన్నేళ్ళ రోడ్లు ఆ జిగురులో ఉన్నాయనిపించింది, ఎర్రమట్టి, సున్నపు దుమ్ము, ఎక్కడిదో దూదిపోగు కూడా. ఊళ్ళోకి వెళ్ళి బట్టలు కుట్టే ఆయన దగ్గర మెషిను నూనె అడిగి తెచ్చాను, చిన్న గిన్నెలో అడుగుకు సరిపడా. అది నీళ్ళలా పల్చగా ఉంది. కాక రెండంటే రెండే చుక్కలు వేసి, మిగిలింది గుడ్డతో ఒత్తేశాడు.

అంతా బిగించి నొక్కితే టక్కున లేచింది. కాని ఎండ ఉన్నప్పుడు ఎప్పుడూ అలాగే లేచేది కదా. "రేపు పొద్దున చలిల చూస్తెనే నమ్మకం" అన్నాడు కాక.

మర్నాడు ఆయన నాకంటే ముందే వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. మంచు ముందు రోజు కంటే చిక్కగా ఉంది. డాక్టరమ్మ కూడా శాలువ కప్పుకుని బయటకు వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడింది. జరిగిందంతా రాత్రి అన్నం దగ్గర నేనే చెప్పాను. కాక తలుపు తీసి, నన్ను రమ్మని సైగ చేశాడు. "నువ్వే నొక్కు బిడ్డా."

నొక్కాను. వదిలాను. పెడల్ నా అరచేతిని తట్టి లేచింది. ఇంకోసారి. ఇంకోసారి. ఆ తెల్లటి నిశ్శబ్దంలో టక్, టక్ అని ఆ చప్పుడు ఒక్కటే. కాక నవ్వలేదు గాని, ఆయన భుజాలు దిగాయి. నెల రోజులుగా అవి పైకి ఎత్తుకుని ఉన్నాయని అప్పుడే తెలిసింది నాకు.

డాక్టరమ్మ మెట్లు దిగి వచ్చింది. తను కూడా వంగి ఒకసారి నొక్కి చూసింది. తరువాత అడిగింది.

"డ్రైవరు గారూ, అమ్మాయి చేత్తో నొక్కితే ఒక్కసారికే తెలిసిపోయింది, ఇది మెల్లగా లేస్తుందని. మీరు రోజూ కాలు పెడుతున్నారు, అదీ ఉత్త కాలు. మీకెందుకు తెలియలేదు?"

కాక వంగి తన పాదాల వైపు చూసుకున్నాడు.

"ఇలా కూర్చోండి."

వరండా మెట్టు మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, నా దగ్గర సూది తీసుకుని ఆయన అరికాలును మెల్లగా పొడిచింది. పొడిచినప్పుడల్లా చెప్పమంది. ఆయన చెప్పలేదు. ఏడెనిమిది చోట్ల పొడిచింది. మడమ పైకి వచ్చాక గాని "ఆఁ" అనలేదు. రెండో పాదం కూడా అంతే. బొటనవేలి కింద ఎప్పుడో గీరుకున్న చిన్న పుండు ఉంది, ఆయనకే తెలియదు.

"దాహం బాగా వేస్తుందా? రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తారు?"

"నాలుగైదు సార్లు లేస్త అమ్మగారూ. ముసలితనం కదా."

ఆమె నా వైపు చూసింది. నేను లోపలికి వెళ్ళి స్పిరిట్ దీపం వెలిగించాను. పరీక్షకు వాడే నీలం మందును గాజు గొట్టంలో పోసి, ఆయన పట్టి ఇచ్చిన మూత్రం ఎనిమిది చుక్కలు వేసి, మంట మీద పట్టాను. కాక గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నీలం కాసేపు నీలంగానే ఉంది. తరువాత ఆకుపచ్చకు తిరిగింది. పసుపయింది. చివరికి ఇటుక రంగుకు వచ్చి గొట్టం అడుగున దిగింది. అంత అందంగా మారిన రంగు చూసి అంత దిగులు పడటం నాకదే మొదటిసారి.

"ఏంది బిడ్డా అది?"

"చక్కెర, కాకా."

డాక్టరమ్మ అన్నీ విడమరిచి చెప్పింది. ఏం తినాలో, ఏం తినకూడదో, పాదాలు రోజూ ఎలా చూసుకోవాలో, ఉత్త కాళ్ళతో ఎందుకు నడవకూడదో. ఆయన చేతులు కట్టుకుని విన్నాడు. అంతా అయ్యాక అన్నాడు:

"అయితే రెండూ నిజమే. కారు కూడా పట్టుకున్నది, నా కాలుకు ఎరుక కూడా లేదు."

"అవునండీ, రెండూ."

"కారు మంచిగైంది. మరి కాలు?"

"పుండు మానుతుంది. జాగ్రత్తగా ఉంటే ఇంకా పాడవకుండా కాపాడుకోవచ్చు. పోయిన స్పర్శ తిరిగి వస్తుందని మాత్రం చెప్పలేను."

ఆయన కారు వైపు చూశాడు. మంచు కరిగి దాని మీద నుంచి ధారలుగా కారుతున్నది. "అయితే నడుపుడు బంద్ చేస్త అమ్మగారూ" అన్నాడు. "ఆనాడు గొర్లు కాబట్టి సరిపోయింది."

నిన్నటిదాకా అదే మాట ఆయన సిగ్గుతో అన్నాడు. ఆ రోజు అనడంలో సిగ్గు లేదు. ఒక లెక్క తేల్చుకున్న మనిషిలా అన్నాడు. నేనేమో తలుపు చాటుకు వెళ్ళి ఏడ్చాను. కారును బాగుచేసింది ఆయన ఉండాలని. ఆ బాగుచేయడంలోనే ఆయన పోవడం బయటపడింది. డాక్టరమ్మ వచ్చి నా తల మీద చెయ్యి వేసింది. "నువ్వు చూడకపోతే ఆ పుండు ఎవరూ చూసేవాళ్ళు కాదు, కాలే తీసేయాల్సి వచ్చేది" అంది. ఆమె నాతో అంత పొడుగు మాట మాట్లాడటం అరుదు.

సూర్యాపేటకు తిరిగి వెళ్ళేటప్పుడు ఆయనే నడిపాడు, ఎండ వచ్చాక, ఎడ్లబండి కంటే కొంచెం వేగంగా. నేను పక్కన కూర్చుని ఆయన పాదం వైపే చూస్తూ, పైకి లేచినప్పుడల్లా "ఆఁ" అని చెబుతూ వచ్చాను. దారి పొడుగునా అలా ఎన్ని వందలసార్లు అన్నానో. మూసీ మీద ఎండ మెరుస్తున్నది. నాకు ఆ రోజు కునుకు రాలేదు.

కొత్త డ్రైవరు కోసం పట్నంలోని పెద్ద దవాఖానాకు రాశారు. జవాబు రాలేదు. కారు సూర్యాపేటలోనే నిలిచిపోయింది, మేం దొరికిన బండ్ల మీద తిరిగాం. నెల గడిచాక డాక్టరమ్మే మిర్యాలగూడలో ఆయన ఇంటికి వెళ్ళి, "మీరు నాకు నేర్పుతారా?" అని కాకను అడిగింది. ఆయన కాసేపు అర్థం కానట్టు చూశాడు. ఆడమనిషి కారు నడపడం ఆయన చూసి ఉండడు, మా వైపు ఎవరూ చూసి ఉండరు. కాని బూట్లు తొడుక్కుని మా వెంట సూర్యాపేట వచ్చాడు. వేరుశెనగ పీకిన చెలకల్లో, పొద్దు వాలే ముందు, ఆమెను స్టీరింగు ముందు కూర్చోబెట్టి పక్కన తను కూర్చున్నాడు. నేను గట్టు మీద. మొదట్లో కారు గొర్రెపొట్టేలులా ఎగిరెగిరి పడేది. ఆయన గొంతు పెంచేవాడు కాదు. "కాలు బరువు పెట్టొద్దు అమ్మగారూ. కింద గుడ్డు ఉన్నదనుకోండి" అనేవాడు. ఎర్రటి దుమ్ము లేచి, ఎండలో బంగారు పొడిలా నిలబడిపోయేది. అందులో కారు చుట్లు తిరిగేది. వాళ్ళిద్దరి తలలు అందులో కనబడుతూ, మాయమవుతూ ఉండేవి.

ఎండాకాలం మొదట్లో ఆమె మొదటిసారి కోదాడ దాకా నడిపింది. నేను ముందు సీట్లో ఎప్పటి చోటే. కాకను వెనక కూర్చోమన్నాం. అన్నేళ్ళు ఆ కారు నడిపాడు గాని వెనక సీట్లో ఆయన ఎన్నడూ కూర్చోలేదట. మొదట అంచు మీద, కాళ్ళు దగ్గరికి పెట్టుకుని, ఎవరింటికో వచ్చిన చుట్టంలా కూర్చున్నాడు. రెండు మైళ్ళు పోయాక వెనక్కి ఆనుకున్నాడు. మునగాల దగ్గర రోడ్డు పక్కన కల్లంలో జొన్నలు తూర్పారపట్టేవాళ్ళు చేటలు ఆపి, కారు నడిపే ఆడమనిషిని చూస్తూ నిలబడిపోయారు. డాక్టరమ్మ చూపు రోడ్డు మీదే ఉంది, చెవుల దాకా ఎర్రబడింది.

ఆ సంగతి చెబుదామని నేను వెనక్కి తిరిగాను. కాక నిద్రపోతున్నాడు. నోరు కొద్దిగా తెరిచి, తల కిటికీకి ఆనించి, రెండు చేతులూ ఒళ్ళో వదిలేసి. చింతచెట్ల నీడలు ఒకదాని వెంట ఒకటి ఆయన ముఖం మీదుగా పోతున్నాయి. నేను ఇటు తిరిగి, డాక్టరమ్మకు మెల్లగా పోనియ్యమని చెప్పాను.